ఆమేన్ కోసం ఆగాను

సహోదరులారా, సహోదరీలారా, పెడన సంఘం తరపున మీ అందరికీ నా వందనాలు. నా పేరు ఏస్తేరు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు గడ్డలేమీ కరగలేదు, డాక్టర్లు చేతులెత్తేసిన రోగమేదీ నాకు రాలేదు, కాబట్టి పెద్ద అద్భుతం వింటామని సర్దుకు కూర్చున్నవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి. దేవుడు నా గొంతు తెరిచాడు, అంతే. కానీ అది ఎందుకు మూసుకుపోయిందో, దాన్ని ఎవరి చేత తెరిపించాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. చిన్నప్పటి నుండీ నాకు ప్రశ్నలెక్కువ, సండే స్కూల్లో పాస్టరు గారు విసుక్కునేన్ని ప్రశ్నలు, వాటిలో చాలావాటికి జవాబులు దొరికాయి గానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఇంకా ప్రభువును అడుగుతూనే ఉన్నాను.

మా నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద వరస తప్పకుండా పెట్టి, పైనుండి పిడికిలితో గట్టిగా ఒక్క గుద్దు గుద్దాలి, ఆ చప్పుడు వింటూనే నేను పుట్టాను, ఆ చప్పుడు వింటూనే డిగ్రీ దాకా చదివాను. ఒకరోజు పొద్దున్నే బల్ల దగ్గర నిలబడి ఉండగానే ఆయన కుడి చెయ్యి పడిపోయింది. పక్షవాతం అన్నారు. మాట పోలేదు, నడక మెల్లగా వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. మా అమ్మ కాలవలో అద్దకం గుడ్డలు ఉతికే పనికి వెళ్ళటం మొదలుపెట్టింది, పొద్దుట నుండి నడుము లోతు నీళ్ళలో నిలబడి సాయంత్రం చలిజ్వరంతో ఇంటికొచ్చేది. నాన్న ఆదివారం మందిరానికి వచ్చేవారు గానీ చివర్లో గోడకానుకుని కూర్చునేవారు, సంఘమంతా ఆమేన్ అన్నప్పుడు ఆయన పెదవి కదిలేది కాదు. ఒకసారి అమ్మ అడిగితే, "చెయ్యి తీసుకున్న దేవుడితో నాకేం మాటలున్నాయే" అన్నారు. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అమ్మను ఆ నీళ్ళలోంచి బయటికి తేవాలంటే ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు.

నాకు ఉద్యోగం రానిది ఉద్యోగాలు లేక కాదండీ. అప్పుడప్పుడే మా వైపు ప్రతి ఊళ్ళో ఇంగ్లీషు మీడియం స్కూళ్ళు లేస్తున్న కాలం అది, డిగ్రీ చదివిన ఆడపిల్లలను పిలిచి మరీ అడిగేవారు. నాది మొత్తం తెలుగు మీడియం, అయినా ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాయమంటే తప్పుల్లేకుండా రాసేదాన్ని. గుడివాడలో ఒక స్కూలుకు ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎదురుగా కూర్చున్న సారు ఇంగ్లీషులో నీ గురించి చెప్పమ్మా అన్నారు, అంతే, నోరు ఎండిపోయింది, ఎవరో గొంతు పట్టుకున్నట్టయింది, ఒక్క మాట బయటికి రాలేదు. ఆయన మంచినీళ్ళు ఇచ్చారు, నీళ్ళు లోపలికి వెళ్ళాయి గానీ మాట బయటికి రాలేదు. మంచాయన, తలుపు దాకా వచ్చి పంపించారు. తీరా బందరు ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చోగానే జవాబులన్నీ వరసగా వచ్చేశాయి! వడ్లమన్నాడు దాటేదాకా కిటికీతో ఇంగ్లీషు మాట్లాడుతూనే ఉన్నాను, ఎదురుగా శనగకాయల బుట్ట పెట్టుకుని కూర్చున్నావిడ భయపడి అవతలి బెంచీకి మారిపోయింది. అప్పుడు నాకు ఏడుపుతో పాటు పెద్ద సందేహం వచ్చింది. ఇన్ని మాటలు ఇంతసేపు ఎక్కడ దాక్కున్నాయి? ఆ గదిలో లేనిది ఈ రైలు పెట్టెలో ఏముంది?

ఆ తర్వాత బంటుమిల్లిలోనూ అంతే అయింది, బందరులోనూ అంతే అయింది. బందరు డాక్టరు గారు గొంతులోకి లైటు వేసి చూసి ఏమీ లేదన్నారు. పక్కింటావిడ దిష్టి అంది. ఇంటికొచ్చిన ప్రతిసారీ నాన్న ఏమీ అడగకుండా ఎడమ చేత్తో నా తల నిమిరి "పోనీలేమ్మా" అనేవారు, నన్ను తిట్టినా అంత బాధ ఉండేది కాదు. అప్పుడు నేను చేసిన ప్రార్థన మీకు చెప్పాలి. "ప్రభువా, ఉద్యోగం ఇమ్మని తర్వాత అడుగుతాను. ముందు నా గొంతులో ఏముందో చెప్పు. నువ్వు చేసిన గొంతే కదా, నీకు తెలియదా? ఇంట్లో పలికేది, మందిరంలో పాడేది, ఆ గదుల్లోకి వెళ్ళగానే ఎందుకు చచ్చిపోతుంది? నాకు తెలుసుకోవాలని ఉంది తండ్రీ." ఇలా ప్రార్థించకూడదేమో నాకు తెలియదు, నాకు వచ్చినట్టు అడిగాను.

జవాబు పాస్టరమ్మ గారి నోట ఒక ప్రశ్నగా వచ్చింది, స్తోత్రం! బందరులో మన అద్దకం గుడ్డలను విదేశాలకు పంపే ఒక కంపెనీలో, వచ్చిన విదేశీయుల దగ్గర కూర్చుని పని ఎలా జరుగుతుందో చెప్పే మనిషి కావాలని, ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులోనే ఉంటుందని తెలిసింది. నేను వెళ్ళనని మొండికేశాను. పాస్టరమ్మ గారు బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం చెప్తావు కదమ్మా, అప్పుడు పట్టెయ్యదే నీ గొంతు?" అన్నారు. నేను ఆలోచించాను. నిజమే! ప్రతి శుక్రవారం లేచి నిలబడి గడగడా చెప్తాను, ఏనాడూ గొంతు పట్టెయ్యలేదు. "అయితే ఈ శుక్రవారం నుండి సాక్ష్యం ఇంగ్లీషులో చెప్పు" అన్నారావిడ. "వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు కదండీ" అన్నాను. "దేవుడికి వచ్చు కదా, వాళ్ళకెందుకు?" అన్నారు.

అలా మొదలైంది నా ఇంటర్వ్యూ చదువు. మన స్త్రీల కూటం సంగతి మీకు తెలుసు, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఒక మాట చెప్పి ఆగుతారు, అందరూ ఆమేన్ అంటారు, ఆ ఆమేన్ అందుకుని ఇంకో మాట. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగేదాన్ని, చాప మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమేన్ అనేవారు. మా అమ్మతో పాటు గుడ్డలుతికే మరియమ్మ పెద్దమ్మ అందరికంటే గట్టిగా అనేది. రంగు పట్టటానికి మేము కరక్కాయ నీళ్ళలో గుడ్డ తడుపుతాం అని చెప్తే స్తోత్రం అంది, నాకు అనుభవం ఏమీ లేదండీ అని చెప్తే చేతులెత్తి హల్లెలూయా అంది! నవ్వాపుకోలేక నేను కూర్చుండిపోయాను. ఒకరోజు ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఏవమ్మా, ఇంగిలీసులో చెప్తే దేవుడు తొందరగా వింటాడా?" అని మెల్లగా అడిగింది. "ఏమో పెద్దమ్మా, నేనూ అదే కనుక్కుంటున్నాను" అన్నాను. వారాలు గడిచేకొద్దీ నా ఇంగ్లీషు సాక్ష్యం పెరిగింది, నాన్న చెయ్యి గురించి చెప్పాను, అమ్మ చలిజ్వరం గురించి చెప్పాను, తెలుగులో చెప్పటానికి సిగ్గుపడేవన్నీ ఇంగ్లీషులో చెప్పాను, గొంతు పట్టెయ్యలేదు. తండ్రీ, నువ్వెంత తమాషా దేవుడివి అనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజున నాన్న కూడా వస్తానన్నారు. ఆఫీసు వరండాలో బల్ల మీద ఆయన్ను కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. ముగ్గురున్నారు. కంపెనీ యజమాని, హైదరాబాదు నుండి వచ్చిన మేనేజరు గారు, గుడ్డలు కొనటానికి స్పెయిన్ దేశం నుండి వచ్చిన ఒకావిడ, నెరిసిన జుట్టు, మెడలో సన్నటి సిలువ గొలుసు. మేనేజరు గారు అదే ప్రశ్న అడిగారు, నీ గురించి చెప్పు అని. సహోదరులారా, నేను బట్టీ పట్టిన జవాబు ఒకటుంది, పేరు, చదువు, మార్కులు. అది ఎటు పోయిందో పోయింది. నోరు తెరవగానే "ప్రెయిజ్ ది లార్డ్" అని వచ్చేసింది! మేనేజరు గారు పెన్ను కింద పెట్టారు. ఇక వెనక్కి తీసుకోవటం ఎలా? శుక్రవారం సాక్ష్యమే కొనసాగించాను. మా నాన్న అద్దకం పని చేసేవారు, ఒకరోజు ఆయన చెయ్యి పడిపోయింది అని ఇంగ్లీషులో చెప్పి, అలవాటు చొప్పున ఆగాను.

ఆమేన్ కోసం ఆగాను!

ఎవరంటారు? ఆ గదిలో చాప లేదు, మరియమ్మ పెద్దమ్మ లేదు. యజమాని గారు మేనేజరు గారి వైపు చూశారు, మేనేజరు గారు గోడ గడియారం వైపు చూశారు. గుడివాడలో నన్ను పట్టుకున్న ఆ చెయ్యే మళ్ళీ వచ్చి గొంతు మీద పడింది, అయిపోయింది, నాన్న మళ్ళీ పోనీలేమ్మా అంటారు అనుకున్నాను. లోపలే అడిగాను, "ప్రభువా, ఇక్కడ నీ వాళ్ళు ఒక్కరైనా లేరా?"

అప్పుడు ఆ స్పెయిన్ ఆవిడ, సిలువ గొలుసును వేళ్ళతో పట్టుకుని, నా వైపే చూస్తూ, మెల్లగా "ఆమేన్" అంది.

ఎలా అందో తెలుసా అండీ? ఇంగ్లీషు వాళ్ళు పలికినట్టు కాదు, అచ్చం మనం పలికినట్టే, మన శుక్రవారం ఆమేనే! నా గొంతు మీది చెయ్యి లేచిపోయింది. నేను ఇంకో మాట చెప్పాను, ఆవిడ తలూపింది, ఇంకోటి చెప్పాను. తర్వాత ఆవిడ ఏదో అడగబోయి మధ్యలో ఆగిపోయింది, మాట దొరక్క వేళ్ళతో చిటికెలేసింది, కళ్ళు మూసుకుంది, మళ్ళీ మొదటి నుండి మొదలెట్టింది. నాకు ఎంత ఆశ్చర్యమేసిందో! ఇంత పెద్దావిడకి, విమానమెక్కి వచ్చినావిడకి, ఇంగ్లీషు మాట దొరకటం లేదు! ఉద్యోగం మాట మర్చిపోయి నేనే అడిగేశాను, అమ్మా, మీది ఏ భాష, మీరు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారు అని. మేనేజరు గారు దగ్గారు. ఆవిడ మాత్రం నవ్వి చెప్పింది. ఆవిడ భాష స్పానిష్ అట, పెళ్ళయ్యాక పని వెతుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకుందట, అద్దం ముందు రోజూ జవాబులు చెప్పుకుని వెళ్ళినా మొదటి ఇంటర్వ్యూలో నోరు పెగలక ఏడుస్తూ బయటికొచ్చిందట. వాళ్ళమ్మ ప్రార్థన చేసి ఆగితే ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆమేన్ అంటారట, నేను ఆగిన తీరు చూసి వాళ్ళమ్మ గుర్తొచ్చిందట. ఇదంతా సగం మాటలతో, సగం చేతులతో చెప్పింది. అచ్చు ఎలా వేస్తారు అని అడిగితే నేనూ చేతులతోనే చూపించాను, మా నాన్న గుద్దినట్టు బల్ల మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాను, టీ కప్పులు ఎగిరిపడ్డాయి, చివరికి మేనేజరు గారు కూడా నవ్వారు.

అప్పుడు నాకు నా ప్రార్థనకు మిగతా జవాబు అర్థమైంది. తడిసిన పొడుగాటి గుడ్డను ఒక్కరే పిండలేరు, అవతలి కొస ఇంకొకరు పట్టుకోవాలి, కాలవ దగ్గర మా అమ్మ, మరియమ్మ పెద్దమ్మ రోజూ చేసేది అదే. ఆ గదుల్లో నా మాటకు అవతలి కొస పట్టుకునే మనిషి లేడనుకుని నా గొంతు భయపడింది. దేవుడు సముద్రాల అవతల నుండి ఒక మనిషిని తెచ్చి ఆ కొస పట్టించాడు! అదే రోజు, అదే గది, అదే నిమిషం ఎలా కుదిరిందని నన్ను అడగకండి, నేనే ఆయన్ను అడుగుతున్నాను.

నెల మొదటి రోజు నుండి పనిలోకి రమ్మన్నారు. వరండాలోకి వచ్చేసరికి నాన్న నా మొహం చూసి లేచి నిలబడ్డారు, ఎడమ చెయ్యి నా తల దాకా వచ్చింది, నిమరబోయారు. "వచ్చింది నాన్నా" అన్నాను. "ఇంక అమ్మ నీళ్ళలో దిగక్కర్లేదు" అన్నాను. అన్నీ చెప్పేశాను, ఆవిడ గురించి, ఆమేన్ గురించి. చెప్పి చెప్పి ఆయాసమొచ్చి ఆగాను. చెయ్యి పడిపోయిన రోజు నుండి మందిరంలో ఏనాడూ కదలని ఆయన పెదవులు కదిలాయి. "ఆమేన్" అన్నారు మా నాన్న.

దేవునికే మహిమ! ఆయన చెయ్యి ఇంకా రాలేదు, అబద్ధం చెప్పను, అయినా ఆదివారం మందిరంలో గోడ దగ్గర నుండి ముందుకొచ్చి కూర్చుంటున్నారు. ప్రియమైన వాళ్ళారా, మీలో కూడా గొంతు పట్టేసినవాళ్ళు ఉంటారు, ఇంటర్వ్యూ గదిలో కావచ్చు, ఇంట్లో కావచ్చు, దేవుడి ముందే కావచ్చు. ఆయన్ను నమ్మండి, మీకు వచ్చినట్టు అడగండి, ప్రశ్నలకు ఆయన కోపగించుకోడు. ఇప్పుడే లేచి నిలబడండి. ఏ భాషలోనైనా సరే ఒక్క మాట చెప్పి ఆగండి, ఆమేన్ అనటానికి మేమున్నాం.