నీళ్ళ మీద సీటు బెల్టు

నరసాపురం రేవులో మా కారును పంటు మీదికి ఎక్కించాం. గోదావరి దాటేదాకా ఎండ ఎందుకని అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, పెట్టుకున్న బెల్టులతోనే కూర్చున్నాం. స్టీరింగు దగ్గర మా ఆయన, పక్క సీట్లో నేను. బయట సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన నా వైపు అద్దాన్ని వేలితో తట్టారు. దించాను.

"నీళ్ళ మీద అద్దాలు మూసుకోకూడదమ్మా. ఆ బెల్టు కూడా తీసేయండి."

"కారుకి ఇన్సూరెన్స్ ఉందిలెండి," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు.

"మా బావ కూడా అదే అన్నాడండి. వరదకి మా లంక కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నాయి. పక్క సీట్లోంచి నేను వద్దన్నా వినలేదు. బండిని నీళ్ళలోకి దించేముందు తన బెల్టు తీసేసుకున్నాడు, తన అద్దం దించుకున్నాడు. ఉక్కగా ఉందేమో అనుకున్నానండి. నాకు ఒక్క మాట చెప్పలేదు. బండి కొట్టుకుపోతుంటే తను కిటికీలోంచి దూకేశాడు. నన్ను పడవవాళ్ళు అద్దం పగలగొట్టి లాగారు."

"మరి ఇన్సూరెన్స్ వచ్చిందా అండీ?" అని అడిగాను.

"రాలేదండి. వరద చూసి కూడా దిగారు కాబట్టి ఇవ్వం అన్నారు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ బండి గురించే బాధపడతాడు. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నామండి మేము."

పంటు అవతలి ఒడ్డుకు తగిలింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ దిగిపోయారు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఒంటి మీద బెల్టు లేదు. ఎప్పుడు తీశారో నేను చూడలేదు. ఇప్పటిదాకా అడగనూ లేదు.