ఎడమ చేతికి ప్రసాదం

ఈ రోజు పొద్దున బియ్యం పట్టించడానికి మా వీధి చివర చెంగల్రాయులు పిండి మిల్లుకు పోయాను. మిషను తిరుగుతూ ఉంది, బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీ మాత్రం లేదు. బయట ఎండలో దాని మీద వాళ్ళావిడ మిరపకాయలు ఎండబెట్టి ఉంది!

"జాలీ ఎందుకు తీసినావప్పా?" అన్నాను.

"శుక్రవారం చక్రానికి బొట్టు పెట్టేదానికి తీసినానక్కా. మళ్ళీ బిగించలేదు. నాకేం కాదులే, ఇరవై ఏండ్ల అలవాటు."

నా కొడుకూ ఇదే మాట అనేవాడు. పోయినేడు చెరకు గానుగలో వాడి కుడి చెయ్యి పోయింది, మూడో రోజు వాడూ పోయాడు. చెంగల్రాయులే పాడె మోశాడు. అయినా ఈ మాటా! నాకు ఒళ్ళు మండింది.

సంచిలో కొండ లడ్డు ఉంటే తీశాను. అతను మిషను ఆపి భక్తిగా కుడి చెయ్యి చాచాడు.

"అది కాదు. ఎడం చెయ్యి ఉండాది కదా, దాంట్లో పట్టు."

"స్వామి ప్రసాదం ఎడం చేత్తోనా? పాపం తగలదా అక్కా!"

"ఇప్పట్నుంచే అలవాటు చేసుకో అబ్బా. రేపు నీకు మిగిలేది అదొకటే."

పిండికి వచ్చిన ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. అతను నవ్వలేదు. బయటికి పోయి మిరపకాయలు చాటలో పోసి, జాలీ తెచ్చి బోల్టులన్నీ బిగించాడు. అప్పుడు కుడి చేతిలోనే లడ్డు పెట్టాను.

ప్రసాదంతో బెదిరించడం తప్పేనేమో, స్వామితో నేను మాట్లాడుకుంటాను. మా వాడికి ఇట్లా చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు. మీ ఇళ్ళలో మొండోళ్ళకు మీరెట్లా చెప్తారు?