బి నెగటివ్ దొరికిన శుక్రవారం

నిన్న మధ్యాహ్నం మా క్యాంపులో నూట పద్దెనిమిది ఫోన్లు ఒకేసారి అరిచాయి. ప్రమాద హెచ్చరిక సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి మోగించిన పరీక్ష అలారం అది. భయపడవద్దని పొద్దున్నే మెసేజ్ కూడా వచ్చింది. అయినా తింటున్నవాళ్ళు కంచాలు వదిలి, స్నానం చేస్తున్నవాళ్ళు టవళ్ళతోనే బయటికొచ్చి ఆకాశం వైపు చూశారు. నేనూ చూశాను. చూసి, స్టోర్ గదిలోకి తిరిగొచ్చి, ఏడాది పైచిలుకు కిందట ఆ శుక్రవారం పోయినవాటి లెక్క మనసులో మరోసారి వేసుకున్నాను. రేకుల వంటశాల ఒకటి. ఏసీలు రెండు. పరుపులు పదిహేడు. తొమ్మిది జతల సేఫ్టీ బూట్లు, ఒక గోడ గడియారం, అరవై మందికి దమ్ మీద ఉన్న కోడి బిర్యానీ, దాన్ని మోస్తున్న డేగిసా. మా బావమరిది ఎడమ కాలి ఎముకలో రెండంగుళాలు. అతని ఒంట్లోంచి కారిపోయిన రక్తాన్ని మాత్రం నేను కొలవలేదు, డాక్టర్లు కొలిచారు.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు బడిలో రాలేదు, సిమెంటు బస్తాలు ఎక్కిస్తూ దింపుతూ వచ్చాయి. ఎన్ని బస్తాలకు ఎంత గోడ లేస్తుందో నోటితో చెప్పేవాణ్ణని సౌదీలోని హుఫూఫ్‌లో మా కంపెనీవాళ్ళు నన్ను తాపీపని నుంచి స్టోర్‌లోకి మార్చారు. అప్పటి నుంచి మనుషులు నాకు సైజుల్లోనే గుర్తు. ఫలానావాడంటే ముఖం తర్వాత, ముందు తొమ్మిదో నంబరు బూటు గుర్తొస్తుంది. బావమరిదిది ఏడో నంబరు. కడప జిల్లాలో మా పక్క ఊరివాడు, నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వీసా తెప్పించింది నేను. విమానం ఎక్కించేటప్పుడు నా భార్య "వాడు సన్నగా ఉంటాడు, కాస్త సూసుకో" అని ఒక్క మాటే అంది. ఆ మాట బరువెంతో ఆ శుక్రవారం దాకా నాకు తెలియదు.

అప్పుడు మా నెత్తి మీది ఆకాశంలో నడుస్తున్న యుద్ధం మాది కాదు. మన దేశం ఎవరి పక్షమూ కాదని టీవీలో మూడు పూటలా చెప్పారు. మా గదిలో తొమ్మిది మందిమీ విని, హమ్మయ్య అనుకున్నాం. అయితే పైన కూల్చిన డ్రోను నుంచి ఊడిపడ్డ ముక్కకు ఆ వార్త చేరినట్టు లేదు. జుమ్మా నమాజు అయి, మావాళ్ళు ఇంకా మసీదు నుంచి తిరిగొస్తుండగా, అది వంటశాల పైకప్పును చీల్చుకుని దిగింది. లోపల ఉన్నది బావమరిది ఒక్కడే. బిర్యానీ మూత తీసి ఉప్పు చూడబోయాడట. ఆ అలవాటు వాళ్ళ నాన్నది, పెళ్ళి వంటల్లో కూడా చూసేవాడు.

అంబులెన్సు వెనక కంపెనీ వ్యానులో నేనూ హాస్పిటల్‌కి చేరాను. ఎమర్జెన్సీ తలుపు దగ్గర తెల్ల కోటు వేసుకున్న ఒకావిడ నా చొక్కా మీది రక్తం చూసి, మొదట అరబ్బీలో, తర్వాత హిందీలో అడిగింది. నేను నోటికొచ్చిన దేవుళ్ళందరినీ తెలుగులో పిలుస్తుంటే, ఆవిడ ముఖం మారింది. "తెలుగువాళ్ళా అండీ? మాది నర్సాపురం దగ్గర. ఆయన మీకేమవుతారు?" అంది. అప్పటి నుంచి నేను ఆవిణ్ణి సిస్టరమ్మ అనే పిలుస్తాను. వయసులో నాకన్నా పదేళ్ళు చిన్న. పొద్దున ఏడుకి డ్యూటీ ఎక్కిందని, అప్పటికి మావాడితో కలిపి ఆ చుట్టుపక్కల నుంచి పద్నాలుగు మందిని తెచ్చారని తర్వాత తెలిసింది.

లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. "బి నెగటివ్ అండి, దొరకడం కష్టం. మా దగ్గర రెండు బాటిళ్ళున్నాయి, ఎక్కిస్తున్నాం. కాలుకి ఆపరేషన్ చేయాలంటే మూడోది కావాలి. మీ క్యాంపులో ఎవరికైనా ఆ గ్రూపు ఉందా?"

నా జేబులో రిజిస్టరు ఉంది. అది లేకుండా నేను స్నానానికి కూడా పోను. గబగబా తీసి పేజీలు తిప్పాను. నూట పద్దెనిమిది మంది బూటు సైజులు, హెల్మెట్ సైజులు, ఎవరు ఎప్పుడు గ్లవ్స్ తీసుకున్నారో తేదీలతో సహా ఉన్నాయి. రక్తం గ్రూపు ఒక్కరిదీ లేదు. మేస్త్రీలకు, కూలీలకు వాళ్ళ గ్రూపు వాళ్ళకే తెలియదు, నా గ్రూపు నాకూ తెలియదు. సిస్టరమ్మ నా భుజం మీదుగా ఆ పేజీ చూసింది.

"బాగుందండి, కాళ్ళూ తలలూ రాశారు. మధ్యలో మనిషి ఏడండి?" అంది. కోపం లేదు, గోదావరి వెటకారం. వెంటనే తానే అంది, "డ్రైవర్లని పట్టుకోండి అన్నయ్యగారూ. ఇక్కడ లైసెన్సు కావాలంటే రక్తం పరీక్ష ఉంటుంది కదా, డ్రైవరన్నవాడికి వాడి గ్రూపు తెలిసే ఉంటుంది."

అయిదేళ్ళుగా ఈ దేశంలో లెక్కలు చేస్తున్న నాకు తట్టనిది ఆవిడకు ఒక్క క్షణంలో తట్టింది. హైదరాబాదు, రాయలసీమ డ్రైవర్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, పోలీసు కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పుకోవడానికి పెట్టుకున్నది. అందులో నేను వాయిస్ మెసేజ్ మాట్లాడి పెట్టాను. మాట్లాడాననడం కంటే ఏడ్చాననడం నిజం.

జవాబు కోసం ఫోన్ నిమిషానికి పదిసార్లు తెరిచి చూశాను. అప్పుడు సిస్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, బావమరిది మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. "మీరు లెక్కల మనిషి కదా. ఈ సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతోందో లెక్కపెట్టి, ప్రతి అయిదు నిమిషాలకీ నాకు చెప్పండి. తప్పు రాకూడదు సుమండీ" అంది. నేను కళ్ళార్పకుండా లెక్కపెట్టాను. ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై మూడు. ఆవిడ వేరే మంచాల మధ్య తిరుగుతూనే, చెప్పిన ప్రతిసారీ బుద్ధిగా తలూపేది. ఆ లెక్క మీదే వాడి ప్రాణం నిలిచి ఉందని నలభై నిమిషాలు నమ్మాను. చుక్కల లెక్కను అక్కడున్న మిషనే చూసుకుంటుందని, అంకె దాని మీద ఎర్రగా కనిపిస్తూనే ఉందని మర్నాడు చూశాను. ఆవిడ నాకిచ్చింది పని కాదు, మందు. అంత హడావుడిలో, పద్నాలుగు మంది రోగులుండగా, పదిహేనో రోగి స్టూలు మీద ఉన్నాడని గమనించిందంటే, ఆ కళ్ళకు నేను ఇప్పటికీ మొక్కుతాను.

బావమరిదికి మధ్యలో స్పృహ వచ్చింది. నన్ను చూసి, "బావా, ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"బిర్యానీయే లేదు రా, ఉప్పెక్కడిది" అన్నాను.

"అక్కకు చెప్పొద్దు" అని మళ్ళీ కళ్ళు మూశాడు. బిర్యానీ సంగతా, కాలి సంగతా అన్నది నేను అడగలేదు.

గంటన్నరకు ఒక పొడుగాటి మనిషి చేతిలో ఆకుకూర సంచీతో పరిగెత్తుకొచ్చాడు. పాతబస్తీ మనిషి, ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. "అన్నా, నాది బి నెగటివే. మేడమ్ బండ్ల కూసొని ఉంది, జల్ది తీస్కోండి" అన్నాడు. సిస్టరమ్మ నవ్వి, "జల్దీ అంటే మా దగ్గర కుదరదు బాబూ, పరీక్షలుంటాయి. మేడమ్‌కి నేను చెప్తాను" అని, చెప్పులు టపటపలాడించుకుంటూ పార్కింగుకి తానే వెళ్ళింది. ఏం చెప్పిందో తెలియదు. మొదట కారులోంచి గట్టిగా మాటలు వినిపించాయి, తర్వాత ఆగిపోయాయి. మేడమ్ రెండు గంటలు ఏసీ వేసుకుని కూర్చుంది. మర్నాడు వార్డుకు డబ్బా నిండా ఖలాస్ అనే మేలురకం ఖర్జూరం పంపింది. ఆకుకూర మాత్రం వాడిపోయింది, దాన్ని కూడా నేను నష్టాల్లో రాసుకున్నాను.

మూడో బాటిల్ ఎక్కింది. ఆపరేషన్ జరిగింది. కాలు నిలిచింది. సిస్టరమ్మ డ్యూటీ దిగేసరికి, ఎక్కి పదిహేడు గంటలైంది. "ఇంకా కూర్చున్నారేంటండీ, టీ తాగండి. మీవాడు బతికాడు" అని చెప్పి, గోడకు ఆనుకుని చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసింది. బాగా వాచి ఉన్నాయి. బూటు సైజులు చూసే నా కళ్ళకు అవి ఏ నంబరులోనూ పట్టవనిపించింది.

వారం తర్వాత బ్లడ్ బ్యాంకువాళ్ళు చెప్పారు, స్టాకులోంచి తీసిన రెండు బాటిళ్ళకు బదులు ఏ గ్రూపైనా సరే రెండు ఇస్తే మంచిదని. బలవంతమేమీ లేదు, మాట మీద నడిచే సంగతి. ఒకటి నేనిచ్చాను. నాది ఓ పాజిటివ్ అని నలభై తొమ్మిదో ఏట తెలిసింది. మూడు నెలలాగి రెండోది కూడా నేనే ఇస్తానంటే బావమరిది మంచం మీంచి లేచినంత పని చేశాడు. "నా ఒంట్లోకి పోయింది నేనిచ్చుకుంటా. నువ్వు చేయి పెడితే మన మధ్య మాటల్లేవు, సెప్తాండా" అన్నాడు. రక్తం ఎక్కించుకున్నవాళ్ళు ఏడాది ఆగాలన్నారు. ఆగాడు. ఏడాది నిండిన రోజు ఉతికిన చొక్కా వేసుకుని వెళితే, ముందు బరువు చూశారు. యాభై కిలోలు లేనిదే తీసుకోరట. హాస్పిటల్ నుంచి వచ్చినప్పుడు నలభై ఒకటి. ఆ రోజుకు నలభై ఆరున్నర.

అప్పటి నుంచి నెలకోసారి వెళ్తాడు. ఇప్పుడు నా స్టోర్‌లోనే పని, కొంచెం ఎడమకు వంగి నడుస్తాడు. పూటకు మూడు గుడ్లు తింటాడు. సిస్టరమ్మ అక్కడే ఉంది, తీరిక దొరికితే తూకం చూడటానికి తానే వస్తుంది. పోయిన నెల వీడు, "కాల్లో రాడ్డుంది కదా సిస్టరమ్మా, దాని బరువు కలిపినారా?" అని అడిగాడు.

"కలిపే చెప్తున్నానండి. నిజానికి ఆ రాడ్డు హాస్పిటల్‌ది, తీసేసి చూస్తే మీరు ఇంకా తక్కువ" అంది ఆవిడ.

ఈ నెల తూకం నలభై ఎనిమిది కిలోల ఆరువందలు. పదహారు నెలల్లో ఏడు కిలోల ఆరువందలు పెరిగాడు, అంటే నెలకు సగటున నాలుగు వందల డెబ్బై అయిదు గ్రాములు. ఈ లెక్కన యాభై చేరడానికి ఇంకో మూడు నెలలకు ఒకటి రెండు రోజులు తక్కువ. కాలం పరుగెత్తుతుందని అందరూ అంటారు. మా దగ్గర మాత్రం అది చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, నెలకోసారి తూకం మిషన్ ఎక్కుతోంది. ఇవాళ్టికి ఇవ్వాల్సింది ఒక బాటిల్.