మస్తానన్న చేసిన మూడో స్విచ్

నిన్న పొద్దున పని మీద గురజాలలో ఉన్నాను. మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించే శీను ఫోన్ చేశాడు.

"మస్తానన్న పోయాడు బావా."

"గుంటూరుకా? నాకో రెండు జాక్ పిన్నులు తెమ్మని చెప్పు" అన్నాను.

శీను ఫోన్‌లోనే ఏడుపు అందుకున్నాడు.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున్నే షాపు తీసి, స్టూల్ మీద కూర్చుని, కూర్చున్నట్టే వెనక్కి వాలిపోయాడట. గుండెపోటు. యాభై దాటి ఎన్నాళ్లో కాలేదు.

అన్న తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. నరసరావుపేటలో మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే షాపు ఆయనది. బోర్డు మీద రాసింది అంతే. కానీ మా చుట్టుపక్కల గిటార్ పట్టుకున్న ప్రతివాడూ ఆ మెట్లు ఎక్కినవాడే.

గిటార్ సౌండ్ మార్చడానికి కాలితో తొక్కే చిన్న డబ్బాలుంటాయి. పెడల్స్ అంటాం. అవి ఎలాగో కొనుక్కునేవాళ్లం. వాటిని అమర్చుకునే బోర్డు, పవర్ సప్లై, వైర్లు, స్విచ్ బాక్సులు మాత్రం అన్నీ అన్న చేతివే.

నా బోర్డు పాత కిటికీ అల్యూమినియం చానల్‌తో చేశాడు. పెడల్స్ అతుక్కోవడానికి చిరిగిన స్కూల్ బ్యాగుల వెల్క్రో. పవర్ సప్లైలో ఉన్నది ఎవరో పారేసిన టేప్‌రికార్డర్ ట్రాన్స్‌ఫార్మర్. ఒక్క రోజు కూడా గుయ్యిమని సౌండ్ రాలేదు.

ఇదంతా మెచ్చుకుంటూ రాద్దామనే కూర్చున్నాను.

కుదరడం లేదు. నాకు ఆయన మీద చాలా కోపంగా ఉంది.

ఆరేళ్ల కిందట రొంపిచెర్లలో ఒక పెళ్లి రిసెప్షన్. పాట మధ్యలో నేనొక్కణ్ణే వాయించాల్సిన సోలో వచ్చింది. చేతులు వణికాయి. వేళ్లు కదల్లేదు. కీబోర్డు అతను ఏదో వాయించి కవర్ చేశాడు. పెళ్లికొడుకు ఫ్రెండ్స్ నవ్వారు. ఇంటికొచ్చి గిటార్‌ని బీరువా మీదకి ఎక్కించేశాను.

వారం తర్వాత అన్న షాపుకి రమ్మన్నాడు. స్టీల్ టిఫిన్ బాక్సుకి మూడు స్విచ్‌లు బిగించి చేతిలో పెట్టాడు. మొదటిది సౌండ్‌ని గరగరలాడించే డిస్టార్షన్‌కి, రెండోది ఎకోకి. మూడోదాని పక్కన ఎర్ర లైటు. మూత తెరవడానికి వీల్లేకుండా చుట్టూ రివెట్లు కొట్టేశాడు.

"ఒరేయ్, మూడోది ఊరికే తొక్కమాక. సోలో వచ్చినప్పుడే తొక్కు. ఎక్కువ తొక్కితే కాలిపోద్ది" అన్నాడు.

"లోపల ఏందన్నా అది?"

"నీకెందుకురా, తొక్కు."

తొక్కాను. సౌండ్ లావయింది. నా చెవులతో విన్నాను. ఎర్ర లైటు వెలగగానే వేళ్లు వాటంతటవే పరిగెత్తేవి. ఆ తర్వాత బెల్లంకొండ, మాచర్ల, కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల మీద, ఎక్కడా నా సోలో తప్పలేదు. ఆ బాక్సుని ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేవాణ్ణి కాదు.

ఒకసారి మాచర్లలో ప్రోగ్రాం. సౌండ్ చెక్‌లో మూడోది తొక్కితే లైటు వెలగలేదు. నేను స్టేజీ ఎక్కనని కూర్చున్నాను. నిర్వాహకులు తిట్టారు, మావాళ్లు బతిమాలారు, నేను కదల్లేదు. చివరికి అన్నకి ఫోన్ చేశారు. ఎర్రటి ఎండలో నరసరావుపేట నుంచి బండి మీద వచ్చాడు. బాక్సు తీసుకుని స్టేజీ వెనక్కి వెళ్లాడు. నన్ను రానివ్వలేదు. పది నిమిషాల్లో తెచ్చిచ్చాడు.

"లోపల ఫ్యూజు పోయింది. ఇంక ఎక్కు" అన్నాడు. మంచినీళ్లు తాగి, మళ్లీ అదే ఎండలో వెళ్లిపోయాడు.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటి దగ్గర, అరుగు మీద శీను పక్కన కూర్చుని ఏడుస్తూ అన్నాను.

"ఆ సోలో స్విచ్ పోతే ఇంక ఎవరు చేస్తార్రా?"

శీను మిగతావాళ్ల వంక చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"నీకు చెప్పలేదా బావా అన్న? అది ఉత్త లైటే."

"మీ అందరికీ తెలుసా?"

"మాచర్ల కాడ్నించి తెలుసు. చెప్పొద్దని అన్నే ఒట్టేయించుకున్నాడు."

ఆఖరికి వదినకి కూడా తెలుసు. అంత ఏడుపులోనూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పెయ్యమని నేను పోరతానే ఉన్నానయ్యా. వాడి చెయ్యి కుదురుకోనీ, అప్పుడు చెప్తాలే అనేవోరు మీ అన్న."

ఈ పొద్దున రివెట్లు కోసి మూత తీశాను. రెండు స్విచ్‌లకి వైర్లు దువ్వినట్టు ఉన్నాయి. మూడోదాని నుంచి గిటార్ లైనుకి ఒక్క వైరు కూడా లేదు. లైటుకి మాత్రం రెండు వైర్లు. ఆ రెండింటికీ ఎంత నీట్‌గా సోల్డరింగ్ చేశాడో. అబద్ధాన్ని కూడా అంత శ్రద్ధగా చేశాడు.

మోసం చేశావన్నా. అందరూ నవ్వుకోవడానికి నన్నొక్కణ్ణి మిగిల్చావు. మాడిపోయిన లైటు మార్చడానికి మాచర్ల దాకా వచ్చినవాడివి, నిజం చెప్పడానికి మా వీధి దాకా రాలేకపోయావా?

అది కూడా సర్దుకుంటాను. వదిన చెప్పిన మాట మాత్రం మింగుడు పడడం లేదు. చెయ్యి కుదురుకున్నాక చెబుతానన్నావు. ఆరేళ్లయింది. చెప్పలేదు.

అంటే కుదరలేదనేనా?

ఆ ఒక్క మాట నీ నోటితో వినాలి. ఇప్పుడు ఎవర్ని అడగను?

ఆదివారం విజయపురి సౌత్‌లో ప్రోగ్రాం ఉంది. మూత మళ్లీ బిగించాను. మూడో స్విచ్‌ని అలాగే ఉంచాను. దాని మీద కాలు పెడతానో లేదో నాకే తెలియదు.

కోపం తగ్గాక నీ గురించి మంచిగా రాస్తాను. ఇవాళ్టికి ఇంతే.

హాయిగా పడుకో అన్నా. అక్కడ కూడా ఎవరికైనా బాక్సు చేసిస్తావు, నాకు తెలుసు. చెయ్యి కుదిరిన రోజున వాడికి చెప్పు.