గణపతి మోకు

మోకు తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. పాత చీర చిరిగినట్టు చిన్న చరచర, అంతే. మరుక్షణం రుక్కమ్మ బండమీద పడి ఉంది. ఆమె ఒళ్ళోని రోటి పొత్రం ఎగిరిపడి రెండు చెక్కలైంది. జానెడు దూరంలో కోడలు భాగ్యలక్ష్మి, నిండు కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, కొయ్యబారి నిలబడిపోయింది.

రుక్కమ్మది విమానాశ్రయం పక్కనున్న సాతంరాయి ఊరు. ఊరి అంచున మామిడితోటలో పట్నంవాళ్ళు గుడారాలు వేసుకుని, దిగే విమానాలు చూసి పోతుంటారు. వాళ్ళకు వంట చేసేది ఆమె. తోట కాసేది ఆమె భర్త ఐలయ్య. పొయ్యికి దండం పెట్టనిదే ఆమె అగ్గిపుల్ల గీయదు. కూరలో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, "నా చెయ్యి మర్చిపోయింది బిడ్డా" అని నవ్వి మళ్ళీ వడ్డిస్తుంది.

మొన్నటి వానలో తడిసి వణుకుతున్న ఇద్దరు ఆడపిల్లలకు తన చీరలు కట్టబెట్టి, అల్లం చాయ్ పోసింది. వాళ్ళు పోతూ పోతూ తమ గుడ్డ ఉయ్యాలను, చెట్లకు చుట్టే వెడల్పాటి పట్టీలను ఆమె చేతిలో పెట్టారు. "మీ కోడలికి పెద్దమ్మా. నడుముకు హాయిగా ఉంటుంది" అన్నారు.

పట్టీలను చూసి రుక్కమ్మ పెదవి విరిచింది. "బడిసంచి పట్టీల లెక్కున్నయి. గివేం ఆగుతయయ్యా? మన గణపతి మోకు లేదా?"

నిమజ్జనంనాడు ఊరంతా పట్టుకుని వినాయకుడి బండిని లాగిన నైలాన్ మోకు అది. ఇంట్లో ఉంటే మంచిదని ఒక ముక్క అడిగి తెచ్చుకుంది. దేవుడిది కదా, ఎవరి కాలూ తగలకూడదని ఇంటికప్పు రేకులమీద పెట్టింది. ఏడాదిగా అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసింది.

"అంత దేవుణ్ణే గుంజింది, నా కోడల్ని మొయ్యదా?"

ఐలయ్య రెండు వేపచెట్ల నడుమ ఉయ్యాలను మోకుతో కట్టాడు. కుక్కలెక్కకుండా నడుమెత్తున, బట్టలారేసే తీగలా గుంజి బిగించాడు. కింద మిరపకాయలెండబోసే బండ.

"నేనెక్కుత అత్తమ్మా" అని భాగ్యలక్ష్మి ముచ్చటపడింది.

"ఆగు బిడ్డా. తొట్టెల్ల పిల్లను ఎయ్యకముందు పొత్రం ఏస్తం గదా. నీ కడుపులున్నది గూడ ఊగుతది."

పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని ముందు తనే కూర్చుంది. ఒక్క ఊపు ఊగిందో లేదో, మోకు తెగింది.

"భాగ్యా! నీకేమన్న తగిలిందా?"

"నాకేం గాలె అత్తమ్మా. నువ్వు లెవ్వకు... లెవ్వకు."

ఐలయ్య ఉరికొచ్చాడు. "నడుం ఇరిగిందానే?"

"నా నడుం సంగతి ఇడిసిపెట్టు. ఆ పిల్ల కూసుంటుండె గదయ్యా..." అంది రుక్కమ్మ.

ఐలయ్య తెగిన కొసను వేళ్ళతో విప్పాడు. లోపలి పేట పసుపుపచ్చగానే ఉంది. ఎండ తగిలిన పేట నలిపితే పిండిలా రాలింది. "ఎండ తినేసింది. ఆ మీద నేను గుంజి గుంజి కడితి" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రుక్కమ్మ పొత్రం చెక్కలనే చూస్తోంది. "దేవుని మోకు తెగింది. పొత్రం పగిలింది. ఇంక నా బిడ్డకేం గానుందో..."

భాగ్యలక్ష్మి మెల్లగా పక్కన కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగించింది. "నన్ను ఆగుమన్నది నువ్వనుకున్నవా అత్తమ్మా? ఆ గణపతే."

ఆ మాటకు రుక్కమ్మ కోడలి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

దవాఖానలో ఎముకకేం కాలేదన్నారు. నడుము నొప్పి తగ్గాక పట్టీలు బయటికి తీసిందామే. లావాటి, పచ్చటి చెట్లు చూసుకుని, మెత్తటి మట్టి మీద, మోకాలెత్తున, మధ్యలో బాగా జారేటట్టు వదులుగా కట్టించింది. ముందు బియ్యం బస్తా వేయించింది. తర్వాత ఐలయ్యను కూర్చోబెట్టింది.

"నన్నేమో బస్తా లెక్క జూస్తున్నవ్" అన్నాడాయన.

"బస్తా నయం, మాట్లాడది. ఊగు."

చివరికి భాగ్యలక్ష్మి ఒరిగి కళ్ళు మూసుకుంది. తలమీదుగా విమానం దిగుతుంటే వేపాకులు అదిరాయి. రుక్కమ్మ గబుక్కున దగ్గరకు జరిగింది. ఉయ్యాల గుడ్డ కింద అరచెయ్యి పెట్టి కూర్చుంది.

"అత్తమ్మా, చెయ్యి తియ్యి. నొస్తది."

"తీస్తలే. నువ్వు పండు."

కోడలికి నిద్రపట్టింది. చెయ్యి మాత్రం తీయలేదు.