నీలమ్మ కాళ్లు చూసేదెవరు?

లాల్‌దర్వాజాలో సైకిళ్లకు పంచర్లు వేసే బాలనర్సింహ మనిషి మంచివాడే, నోరే కాస్త పెద్దది. ఎన్నో ఏళ్లుగా షుగరున్నా కళ్లూ కిడ్నీలూ కాళ్లూ చెక్కుచెదరలేదు. రెండువేల నాలుగులో జన్యు పరిశోధన చేసే అలేఖ్య బస్తీకి వచ్చింది. షుగర్‌తో అవయవాలు దెబ్బతిన్నవాళ్ల రక్తం ఒక గుంపుగా, దెబ్బతిననివాళ్లది ఇంకో గుంపుగా తీసుకుంది. బాలనర్సింహ రెండో గుంపులో పడ్డాడు.

ఒంట్లో చెత్తను మింగే కణాలుంటాయని, ఆ చెత్తను పట్టుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు అందరిలో ఒకేలా ఉండదని, ఆ తేడాకూ షుగర్ చేసే నష్టానికీ సంబంధం ఉందేమో చూస్తున్నామని ఆ పిల్ల ఓపికగా చెప్పింది.

"ఇంకా ఏమీ తేలలేదు బాబాయిగారూ, జాగ్రత్తలు మానకండి" అని కూడా అంది. వింటేగా! ఆ రోజు నుంచి అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

"నా రక్తమే మస్తు గట్టిది. ఇగ నా కాళ్లు చూసుడు బంద్ చెయ్యి" అన్నాడు భార్య నీలమ్మతో. షుగర్‌కు మొద్దుబారిన కాళ్లకు దెబ్బ తగిలినా తెలియదని, ఇన్నేళ్లూ రోజూ అతని పాదాలు కడిగి, తుడిచి, పుండ్ల కోసం వేళ్ల సందులు వెదికింది ఆవిడే. ఆ సంగతి మహానుభావుడికి గుర్తే లేదు.

మళ్లీ వచ్చినప్పుడు అలేఖ్య ఈ మాట విని, "మీకూ షుగరేగా పిన్నిగారూ, మరి మీ కాళ్లు ఎవరు చూస్తారు?" అంది.

నీలమ్మ నవ్వేసింది. "నా కాళ్లెవరు చూస్తరు బిడ్డా?"

బాలనర్సింహ ముఖం మాడిపోయింది. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి, ఆమె పాదం ఒళ్లో పెట్టుకోబోయాడు.

"అయ్యో, ఇడువయ్యా! మొగుడు పెండ్లాం కాళ్లు పట్టుకుంటడా? నాకు పాపం తగుల్తది."

"జర ఊకో!"

ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల ముల్లు కోసం తడిమినట్టు తడిమాడు. మడమ దగ్గర వేలికి గుచ్చుకుంది. సీటుకు కొట్టే చిన్న మేకు, తన దుకాణంలోదే. చుట్టూ చీము.

"నొప్పి అయితలేదానే?"

"ఏం నొప్పి?" అంది నీలమ్మ.

వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంకొన్నాళ్లు ఆగితే పాదం దక్కేది కాదన్నాడు డాక్టరు. గాయం మానడానికి నెలలు పట్టింది. కట్లు మార్చింది బాలనర్సింహే. పాపం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పరిశోధనలో ఏం తేలిందో ఆ ఇంటికి తెలియలేదు. అలేఖ్య మాత్రం నీలమ్మ రక్తం కూడా తీసుకుందామని వచ్చి, "మిమ్మల్ని ఏ గుంపులో వేయాలో!" అని తటపటాయించింది.

"కాళ్లు చూసెటోడు ఉన్నోళ్ల గుంపుల ఎయ్యి బిడ్డా" అంది నీలమ్మ, మొగుడి ఒళ్లోంచి పాదం తీయకుండానే.