మా పిన్ని వేసిన ఏడో రీలు

మా పిన్ని టైలరు. వీధిలోకి తెరుచుకునే ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం ఉంటాయి. అద్దం పక్కన మేకుకి అట్ట నలిగిన పుస్తకం ఒకటి వేలాడుతుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని కొలతల పుస్తకం అనుకుంటారు. అందులో ఉన్నవి సినిమాల పేర్లు, అన్నీ పాతవే.

"చూడదగ్గ పాత సినిమా ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే చాలు, పిన్ని భుజం కొలత మధ్యలో ఆపేస్తుంది. "ఇంట్లో అందరితో చూస్తారా, ఒక్కరే చూస్తారా? ఏడుపొస్తే దాచుకుంటారా, కానిస్తారా?" అని ఆరా తీసి, డాక్టరు మందు రాసినట్టు ఒక పేరు రాసిస్తుంది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చి, చొక్కా సంగతి మరిచి ఆ చీటీతో వెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు.

సినిమా వేసే పని కూడా ఆవిడదే కాబట్టి, అవార్డుల విషయంలో మాత్రం ఆవిడ లెక్క వేరు. "పెద్ద బహుమతి వచ్చిందట కదా" అని ఎవరైనా అంటే, "ఇచ్చినవాళ్ళు ఒక్కసారి చూసి ఇచ్చుంటారు. నేను ఫిల్ము సరిచూస్తూ ఒకసారి, సినిమా మిషను మీద వేస్తూ ఒకసారి, వెనక్కి చుడుతూ ఒకసారి చూస్తాను. వెనక్కి తిరిగేటప్పుడు కూడా బాగుందంటే అదీ సినిమా" అంటుంది. నాకీ మాట భలే ఇష్టం. అవార్డుల జాబితా బట్టీ పట్టి, ఒక్క సినిమాకీ చివరిదాకా కూర్చోనివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా లైబ్రరీ మేడ మీద ఫిల్ము క్లబ్బు ఉంది. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం, బహుమతులు పొందిన పాత సినిమా ఒకటి వేస్తాం. క్లబ్బు పెట్టింది లెక్కల మాస్టారు. నేను కార్యదర్శిని. అంటే నోటీసు బోర్డు రాయడం, కుర్చీలు వేయించడం, ఫ్యాను తిరగకపోతే తిట్లు తినడం. సినిమాలు రేకు డబ్బాల్లో వస్తాయి. నానా ఊళ్ళూ తిరిగి వస్తాయి కాబట్టి సగం చిరిగే వస్తాయి. ఇరవై రెండేళ్ళ కిందట అలా చిరిగిన ఫిల్ము ఒకటి పట్టుకుని మాస్టారు పిన్ని దుకాణానికి వచ్చారు.

"అమ్మా, ఈ వీధిలో ఇంత సన్నటి పనితనం ఉన్నది నీకే. దీన్ని అతుకుతావా?"

"బట్టయితే కుడతాను. ఇదేమిటో ముందు చూడనివ్వండి" అంది పిన్ని. కిటికీ వెలుగులో ఎత్తి చూసింది. ఒక్కో బొమ్మలో ఒకే మనిషి చెయ్యి కొంచెం కొంచెం పైకి లేస్తోంది. మాస్టారు నిలబడి నిలబడి కాళ్ళు పీకి కూర్చున్నారు గానీ, పిన్ని కళ్ళు తిప్పలేదు. ఆర్నెల్లలో సినిమా వేసే మిషను కూడా నేర్చేసుకుంది. ఆ గది తాళంచెవి అప్పటి నుంచీ ఆవిడ గుండీల డబ్బాలోనే ఉంటుంది.

మా క్లబ్బుకి ప్రాణం లాంటి సినిమా ఒకటుంది. పేరు పరాయి భాషలోది, నోరు తిరగదు. అందుకని అందరం 'గేటు సినిమా' అంటాం. నలుపు తెలుపు, మాటలు బహు తక్కువ. రైల్వే గేటు దగ్గర ఒంటరిగా కాపలా ఉండే తండ్రి కథ. తల్లి చావుబతుకుల్లో ఉందని కబురు పంపినా కూతురు రాలేదు. ఆ రోజు నుంచీ తండ్రి ఆ కూతురి మొహం చూడడు. మొత్తం ఎనిమిది రీళ్ళు. మాకున్నది ఒకే మిషను, రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెయ్యాలి. ఆరో రీల్లో తండ్రి పట్టాల వెంట నడిచి నడిచి కూతురింటికి వెళ్తాడు. ఏమీ అడగడు, "ఇంటికి పద" అంటాడు. ఏడో రీల్లో, గేటు గదిలో బీరువా జరుపుతుంటే వెనక ఎప్పుడో పడిపోయిన ఉత్తరం దొరుకుతుంది. తల్లి పోయిన రోజుల్లో కూతురు కూడా ఆసుపత్రి మంచం మీదే ఉందని అందులో ఉంటుంది. ఎనిమిదో రీల్లో ఇద్దరూ దూరంగా కనిపిస్తూ, కలిసి గేటు వేస్తారు. అంతే సినిమా.

మొదటిసారి వేసినప్పుడు, ఆరో రీలు అయ్యాక లైట్లు వెలిగాయి. ఎవరూ కదల్లేదు. మాస్టారు మాత్రం లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. ఆయన తిన్నగా తమ్ముడింటికి వెళ్ళారని మర్నాడు తెలిసింది. వాళ్ళమ్మ ఆఖరి ఘడియల్లో రెండు వీధుల అవతల ఉండి కూడా తమ్ముడు రాలేదట. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఆ ఆదివారం నుంచీ అన్నదమ్ములిద్దరూ క్లబ్బులో రెండో వరసలో పక్కపక్కన కూర్చునేవారు. తమ్ముడు పోయిన ఏడాది కాలం చేశాడు. ఆ కుర్చీలో మాస్టారు ఇప్పుడు తన సంచీ పెట్టుకుంటారు.

ఇరవై ఏళ్ళలో గేటు సినిమా తొమ్మిదిసార్లు వేశాం. వేసిన ప్రతిసారీ పిన్ని జనం ముందు నిలబడి ఒక ముక్క చెప్పేది. "ఆరో రీల్లో ఆయన కోటుకి పై గుండీ ఉండదు, చూడండి. ఏడో రీల్లో ఉంటుంది. ఎవరు కుట్టారు? కూతురు! సూది చూపించలేదు, దారం చూపించలేదు. అదీ దర్శకుడంటే!" జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నేనైతే ఈ సంగతి నోటీసు బోర్డు మీద కూడా రాశాను.

మొన్న శనివారం ఆ సినిమా కొత్త కాపీ వచ్చింది. శుభ్రం చేసి, చిరుగులు బాగుచేసిన కాపీ. మధ్యాహ్నం పిన్ని తెల్ల చేతితొడుగులు వేసుకుని కత్తిరింపు బల్ల మీద సరిచూస్తోంది. నేను నోటీసు రాసుకుంటున్నాను.

"ఏమే, ఇలా రా" అంది. "ఇది చూడు. దీని మీద ఆరు అని ఉంది. ఇది ఉత్తరం రీలు."

"అంకె తప్పు వేసుంటారు, పిన్నీ."

"నేనూ అదే అనుకున్నాను. ఇదిగో, ఇక్కణ్ణించి చూడు."

కిటికీ వెలుగులో చూశాను. పాత కాపీలో చిరిగి పోయిన ముక్క ఇందులో ఉంది. తండ్రి బీరువా జరుపుతుంటే కోటు గుండీ అంచుకి తగులుకుంది. తెగింది. దొర్లుకుంటూ బీరువా వెనక్కి పోయింది. దాని కోసం వంగినప్పుడు ఉత్తరం కనిపించింది; అక్కణ్ణించి రీలు అయ్యేదాకా తెర నిండా ఉత్తరమే, కోటు కనిపించదు. ఇన్నేళ్ళూ ఆయన ఊరికే వంగాడనుకున్నాం.

అంటే ముందు ఉత్తరం, తర్వాత నడక. గుండీ ఊడిన కోటుతోనే ఆయన కూతురింటికి వెళ్ళాడు.

పిన్ని స్టూలు మీద కూలబడింది. "మొదటిసారి వచ్చినప్పుడు వానకి డబ్బాల మీద చీటీలు ఊడిపోయాయే. రీళ్ళ మొదట అంకెలుండే ముక్కలూ లేవు. అన్నీ కుదిరాయి గానీ ఈ రెంటి దగ్గర చిక్కొచ్చింది. గుండీ చూసి తేల్చేశాను. లేనిది ముందు, ఉన్నది తర్వాత అని. ఊడిన గుండీని ఎవరో ఒకరు కుట్టకుండా ఉంటారా అనుకున్నాను. ఊడింది ఊడినట్టే ఉండిపోతుందని నా బుర్రకి తట్టలేదు. పైగా డబ్బాల మీద సుద్దతో అంకెలు కూడా వేసి పంపాను. ఆ అంకెలతో అది ఎన్ని ఊళ్ళు తిరిగిందో!"

నవ్వు ఆపుకోవడానికి నాకు చచ్చేంత పనయింది. "పోనీలే, రేపు పాత వరసలోనే వేసెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలీదా? ఎవరో కుట్టింది విప్పి, నా ఇష్టమొచ్చినట్టు కుట్టి, వాళ్ళ పనితనం చూడండహో అని ఇరవై ఏళ్ళు టముకు వేశాను. అది అటుంచు. మాస్టారికి ఏం చెప్పనే? ఆయన ఆ సినిమా చూసిన మీదటే తమ్ముడి దగ్గరికి వెళ్ళారు. అలాంటి సినిమా లేనే లేదు. తీసినవాడు నిజం తెలిశాకే తండ్రిని పంపాడు. తెలియకుండా పంపింది నేను."

నాకు నవ్వు పోయింది. నిజం చెప్పాలంటే భయం వేసింది. మాస్టారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. లెక్క తప్పయితే ఒప్పుకునే మనిషి కాదు.

ఆదివారం హాలు నిండింది. పిన్ని ముందుకొచ్చి నిలబడింది. గుండీ ముక్క చెప్తుందని జనం అప్పుడే చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆవిడ తడుముకోకుండా, ఎవరి మీదా పెట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. వాన మీద కూడా నెపం వెయ్యలేదు. "తప్పు నాది. మీరు తొమ్మిదిసార్లు చూసింది వాళ్ళు తీసిన సినిమా కాదు. ఇవాళ అసలుది చూడండి" అంది. గుండీల డబ్బాలోంచి తాళంచెవి తీసి మాస్టారి చేతిలో పెట్టింది. "ఈ ఆట మట్టుకు వేస్తాను. తర్వాత ఎవరికి ఇస్తారో మీ ఇష్టం." మా ఇంట్లో ఇలా ఒప్పుకునే ధైర్యం ఇంకెవరికీ లేదు, నాతో సహా. ఆ క్షణాన మా పిన్నిని చూసి నాకు గర్వంగా అనిపించింది.

సినిమా వేసింది. ఆరో రీల్లో గుండీ ఊడింది, ఉత్తరం దొరికింది. ఏడో రీల్లో తండ్రి నడిచాడు. బాగుంది. ఎందుకు బహుమతి ఇచ్చారో తెలుస్తూనే ఉంది. కానీ తలుపు తీసిన కూతురితో ఆయన "ఇంటికి పద" అన్నప్పుడు, ఈసారి అది న్యాయంగా ఉంది. ఇదివరకు అది న్యాయం కంటే పెద్దదిగా ఉండేది.

జనం వెళ్ళిపోయారు. మాస్టారు కర్ర ఊతంగా మిషను గదిలోకి వచ్చారు. పిన్ని తలెత్తలేదు.

"నన్ను క్షమించండి మాస్టారూ. మిమ్మల్ని తప్పుదారి పట్టించాను."

ఆయన కర్రని గోడకి ఆనించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "మా తమ్ముడు ఎందుకు రాలేదో తెలుసా అమ్మా? ఊరికే రాలేదు. ఆసుపత్రీ లేదు, ఉత్తరమూ లేదు. బద్ధకించాడు, అంతే. వాడే చెప్పాడు, ఏడుస్తూ. వాడి కథలో ఇవాళ నువ్వు వేసిన ఆరో రీలు లేదు. నువ్వు ఆ రోజు సరిగ్గా వేసుంటే, నేను చక్కగా సినిమా చూసి ఇంటికెళ్ళి, వాడి ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాణ్ణి. వాడు పోయేదాకా."

తాళంచెవిని గుండీల డబ్బాలో వేసి మూత పెట్టారు.

పిన్ని చేతితొడుగుతోనే కళ్ళు తుడుచుకుంది. "ఉండండి మాస్టారూ, కూర్చోండి. రీలు ఇంకా వెనక్కి చుట్టాలి" అని మిషను వైపు తిరిగింది.